పని చేసి గట్టిపడిన వేళ్లతో బ్రెయిలీ నేర్చుకోవచ్చా?

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర. మా బావగారు చిన్నప్పటి నుంచీ కొబ్బరి వలుపు పనిలోనే ఉన్నారు. నీటికాసుల (గ్లకోమా) వల్ల రెండు కళ్లూ పోయాయి. వయసు 44.

ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టాం, బాగానే అలవాటైంది. వార్తలు, మెసేజులు అన్నీ వింటున్నారు. కానీ ఏ లారీకి ఎన్ని కాయలు ఎక్కాయో ఆ లెక్క తానే రాసుకుని, తానే చూసుకోవాలని ఆయన పట్టు. నాకూ అదే న్యాయం అనిపిస్తోంది. వినడం వేరు, చదవడం వేరు కదండీ.

తెలుగు భారతి బ్రెయిలీ (మన దేశ భాషలకి వాడే, వేలితో తడిమి చదివే చుక్కల లిపి) పట్టిక సంపాదించి, ఆరు చుక్కలూ నేను నేర్చుకుంటూ ఆయనకి చెబుతున్నాను. ‘అమ్మ’ అని రాయాలంటే అ తర్వాత 4వ చుక్క (ఒత్తు ఉందని చెప్పే గుర్తు), ఆపైన రెండు మ లు. ఇది వెంటనే పట్టేశారు. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, స్టైలస్ అనే మొనతో కుడి నుంచి ఎడమకి చుక్కలు పొడవడం కూడా వచ్చేసింది. చిక్కల్లా కాగితం తిప్పి చదివేటప్పుడే. పీచు లాగి లాగి వేలి కొసలు కాయలు కాచిపోయాయి, పక్కపక్క చుక్కలు ఒకటిగా తగులుతున్నాయంటారు.

పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ స్పర్శ సాధనతో వస్తుందా? ఏ వేలితో మొదలుపెట్టాలి? చుక్కలు ఎడంగా ఉండే పెద్ద సైజు పలక కొంటే మేలా, లేక తర్వాత మామూలు సైజుకి మారడం కష్టమవుతుందా? అమలాపురం, రాజమండ్రి వైపు పెద్దవాళ్లకి నేర్పేవారుంటే దయచేసి తెలియజేయండి. పని మానుకుని హైదరాబాద్ వెళ్లి ఉండే వీలు ఆయనకి లేదు.