బయ్యర్‌కి చెడ్డ వార్త చెప్పి వెంటనే ‘ఆన్ ది బ్రైట్ సైడ్’ అనొచ్చా?

పలమనేరు పిల్లోడు:
చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ మెయిల్స్ చూస్తుంటాను. కోత టైముకి వానలు పడి తోతాపురి కాయ నీరెక్కింది, మొదటి లాటు బ్రిక్స్ (అంటే తీపి కొలత) 14 కూడా రాలేదు. దాంతో కంటైనర్ ఈ ఓడకి ఎక్కదు, రెండు వారాలు లేటు. తర్వాతి లాటు మాత్రం రంగు, తీపి రెండూ బ్రహ్మాండం. లేటు సంగతి రాసి, ‘ఆన్ ది బ్రైట్ సైడ్, కొత్త లాటు బాగుంది’ అని పెట్టాను. మా మేనేజర్ సారు అది తీసేసి ‘సిల్వర్ లైనింగ్’ పెట్టమంటున్నారు, స్టైలుగా ఉంటుందట! బయ్యర్ ఇంగ్లండ్ పెద్దాయన. సాయంత్రంలోపు పంపాలి, ఒకటే టెన్షన్.

అలిపిరి మెట్లు:
రెండూ వద్దు తమ్ముడూ. నష్టం ఎవరిదో చూడు. నీ బండి పాడై ఆఫీసుకి నడిచొచ్చి, ‘ఆన్ ది బ్రైట్ సైడ్, పెట్రోల్ మిగిలింది’ అని నువ్వే అంటే అందరూ నవ్వుతారు. ఇక్కడ సరుకు రాక ఇబ్బంది పడేది ఆయన, లేటు చేసింది మీరు. అలాంటప్పుడు ఆ మాట మీ నోటినుంచి వస్తే తేలిగ్గా తీసుకున్నట్టే ఉంటుంది. ‘లుక్ ఆన్ ది బ్రైట్ సైడ్’ అయితే ఇంకా ఘోరం, అది ఆయనకి బుద్ధి చెప్పడమే.

బస్టాండు బాతాఖానీ:
మరీ అంత భయం అక్కర్లేదన్నా. ఇంగ్లిష్ వాళ్లు ఆఫీసు మెయిల్స్‌లో కూడా వాడతారు, కాకపోతే పరిచయం ఉన్నచోట. మనం ‘పోనీలే, ఒకందుకు మంచిదే’ అనమా, అదే ధోరణి. బయ్యర్‌తో చనువుంటే పెట్టేయ్. కానీ ‘ఇన్ ది బ్రైట్ సైడ్’ అని రాయకు సామీ, ‘ఆన్’ రావాలి, ‘సైడ్’ తర్వాత కామా.

చంద్రగిరి టీచరమ్మ:
మీ సారు చెప్పింది ఇక్కడ అసలు అతకదు బాబూ. సిల్వర్ లైనింగ్ అంటే ఆ చెడులోంచే పుట్టిన మంచి. మిల్టన్ 1634 నాటి ‘కోమస్’ నాటకంలో నల్లమబ్బు రాత్రివేళ తన వెండి లైనింగ్‌ని బయటికి తిప్పిందా అని ఒకమ్మాయి అనుకుంటుంది. జాకెట్టుకి లోపల కుట్టే లైనింగే అనుకోండి, అది ఆ మబ్బుదే అయ్యుండాలి. లేటయినందువల్లే మంచి కాయ దొరికిందని చెప్పగలిగితే సరే, లేకపోతే పక్కనున్న ఇంకో మంచి సంగతికి ‘ఆన్ ది బ్రైట్ సైడే’ దగ్గర. ‘లైట్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది టనెల్’ మాత్రం ముట్టుకోకండి, కష్టం తీరబోతోందన్నప్పుడే అది. ఇంకోటి, చావు కబురు దగ్గర వీటిలో ఏదీ పనికిరాదు. మా పిల్లలు కొందరు సంతాపం మెసేజిలో కూడా పెట్టేస్తున్నారు!

పలమనేరు పిల్లోడు:
థ్యాంక్స్ మేడం, థ్యాంక్స్ అన్నా. ఇలా మార్చాను: ముందు క్షమాపణ, కారణం, కొత్త ఓడ తేదీ. ఆ తర్వాత వేరే పేరాలో ‘కొత్త లాటు మీ స్పెసిఫికేషన్‌కి సరిపోతుంది, ల్యాబ్ రిపోర్టు జత చేశాను’. ఇడియమ్ ఏదీ లేదు. సారుకి ఎలా చెప్పాలో మరి!

అలిపిరి మెట్లు:
‘బయ్యర్‌కి కావాల్సింది బ్రిక్స్ నంబరు సార్’ అను, ఒప్పుకుంటారు. ఆ నంబరు రిపోర్టులోనే వదిలేయక మెయిల్‌లో కూడా రాయి, చాలామంది అటాచ్‌మెంట్ తెరవరు.

బస్టాండు బాతాఖానీ:
ఒప్పుకోకపోతే సారు పేరుతోనే పంపమను 😄