స్టేడియం గోడపై రంగుల దీపాలు మరకల్లా ఎందుకు కనిపిస్తున్నాయి?

బరంపురం వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పేటలోని క్రీడా మైదానానికి, రోడ్డు మీద వెళ్ళేవారికి కనిపించే గ్యాలరీ వెలుపలి గోడ పొడవునా, కిందటి దసరాకు రంగులు మారే ఎల్‌ఈడీ దీపాలు పెట్టించాము. జర్మనీలోని మ్యూనిక్ నగరపు అలియాంజ్ అరేనా ఫొటోలు చూపించి, మనకూ అలాగే ఉండాలని కమిటీలో పట్టుబట్టినవాణ్ణి నేనే కనుక ఇప్పుడు సమాధానం చెప్పుకోవలసినవాణ్ణీ నేనే అయ్యాను. అక్కడ కట్టడం మొత్తం నిండుగా వెలుగుతుంది. ఇక్కడ ప్రతి దీపం ముందు ఒక గుండ్రటి మచ్చ, రెండు మచ్చల మధ్య ఒక చీకటి చార. ఎరుపు ఫరవాలేదు. నీలం వేస్తే గోడ మసిబారినట్టు ఉంటుంది, తెలుపు వేస్తే మచ్చల అంచుల్లో గులాబి, ఆకుపచ్చ చారలు తేలుతాయి. గోడ ఎత్తు సుమారు 30 అడుగులు, లేత పసుపు రంగు వేసి ఉంది. దీపాలు గోడకు అడుగు దూరంలో, ఒకదానికొకటి 12 అడుగుల ఎడంలో, మొత్తం 40 ఉన్నాయి. చివరి వైపు ఉన్న కొన్ని వాటి ఇష్టం వచ్చినట్టు మిణుకుమిణుకుమంటున్నాయి కూడా. రెట్టింపు వాట్ల దీపాలు వేస్తే అన్నీ సర్దుకుంటాయని కాంట్రాక్టరు అంటున్నాడు. ఆ మాట నమ్మవచ్చునా?

పర్లాకిమిడి నుంచి, దీపాల పని చేసే ఒకరు:

నమ్మవద్దండి. వాట్లు పెంచితే మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అంతే.

మ్యూనిక్ కట్టడంతో పోల్చడంలోనే మొదటి చిక్కు ఉంది. అక్కడ దీపాలు గోడ మీద పడవు, గోడ లోపల ఉంటాయి. 2005లో తెరిచిన ఆ స్టేడియానికి వెలుపలి తొడుగుగా ఈటీఎఫ్ఈ అనే పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసి, గాలి నింపిన దిండ్లు 2,700కు పైగా ఉన్నాయి. పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు. వెనుక వెలిగే కాంతి ఆ దిండులో చెదిరి బయటికి వస్తుంది కనుక మనకు దీపం కనబడదు, దిండే వెలుగుతున్నట్టు ఉంటుంది. దీపావళికి రంగు కాగితపు ఆకాశదీపంలో బల్బు పెడతాం చూడండి, అదే సూత్రం. మొదట్లో అక్కడ ఫ్లోరోసెంట్ ట్యూబులతో తెలుపు, ఎరుపు, నీలం మాత్రమే వచ్చేవి. 2015 నాటికి 3 లక్షలకు పైగా ఎల్‌ఈడీలు అమర్చారు. కోటీ అరవై లక్షల రంగులని గొప్పగా చెప్పేది మూడు మూల రంగులకూ తలా 256 మెట్లు ఉండడం వల్ల వచ్చే గుణకారమే. ఆ లెక్కన మీ దీపాలూ అన్ని రంగులు ఇవ్వగలవు.

మీ గోడ సిమెంటు గోడ కనుక కాంతి బయటి నుంచే పడాలి, అందుకు దూరం కావాలి. దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజలు పక్కపక్కన ఉంటాయి. అవి ఇచ్చే వెలుగు కొంత దూరం ప్రయాణిస్తేనే కలిసి ఒక రంగు అవుతుంది. అడుగు దూరంలో కలవడానికి చోటెక్కడిది? మీరు చూసిన గులాబి, ఆకుపచ్చ చారలు అవే. గోడ ఎత్తులో మూడో వంతు, అంటే 10 అడుగుల దూరానికి దీపాలను జరిపితే, ఉన్న 12 అడుగుల ఎడంతోనే వెలుగులు ఒకదానిపై ఒకటి పడి చారలు చాలావరకు పోతాయి. నీలం సంగతి వేరు. పసుపు రంగు నీలాన్ని మింగేస్తుంది. ఒక రాత్రి గోడకు తెల్ల పంచె వేలాడదీసి, నీలం దీపం వేసి చూడండి.

జయపురం నుంచి, కంట్రోల్ వైరింగ్ తెలిసిన ఒకరు:

మిణుకు విషయం మాత్రం చెబుతాను. మీ దీపాలకు డీఎంఎక్స్ పద్ధతిలో (ఒకే తీగ మీద దీపం తరువాత దీపానికి రంగుల ఆదేశాలు పంపే పద్ధతి) సంకేతాలు వెళుతున్నట్టయితే, ఒక వరుస మీద 32కు మించి దీపాలు తగిలించకూడదు. 40 ఉన్నాయన్నారు కనుక మధ్యలో సంకేతాన్ని రెండు దారులకు పంచే స్ప్లిట్టర్ పెట్టి రెండు వరుసలు చేయించండి, ప్రతి వరుస చివర 120 ఓంల టెర్మినేటర్ (తీగ చివర బిగించే చిన్న నిరోధకం) ఉన్నదో లేదో చూడండి. అది లేకపోతే సంకేతం చివరి దాకా వెళ్ళి వెనక్కి కొట్టి, కొన్ని దీపాలను తికమకపెడుతుంది. గోపాలపురం సముద్రపు గాలి మీకు దగ్గర కాబట్టి మరలు, బిగింపులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. 2013లో ఫైలిన్ తుపాను ఆ తీరాన్నే తాకింది గనుక, జరిపే దీపాలను గోడ నుంచి చాచిన కడ్డీలకు కాక నేల మీద దిమ్మెలు కట్టి బిగించడమే మేలు.

ఛత్రపురం నుంచి ఒకరు:

రెండు మాటలు. రంగులు క్షణానికొకటి మారేలా పెట్టవద్దు. మ్యూనిక్‌లో కూడా పక్కనున్న రహదారి మీద డ్రైవర్ల దృష్టి చెదరకుండా, ఒక మార్పుకూ మరొకదానికీ కనీసం రెండు నిమిషాలు ఉండాలని పోలీసులు సూచించారు. రెండోది, వెలుగు గోడ దాటి ఆకాశంలోకి పోకుండా దీపాలకు రేకు గూళ్ళు తగిలించండి. మన ఋషికుల్య నది ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్ల నుంచి బయటపడి, వెలుగు ఎక్కువగా ఉన్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి. మీ గోడ అంత దూరం కనబడకపోవచ్చు. అయినా ఊళ్ళ వెలుగంతా కలిసి ఆకాశం తెల్లబారితే ఆ తీరానికీ తెలుస్తుంది.

బరంపురం వాసి, నాలుగు రోజుల తరువాత:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా నాన్నగారి గ్లాస్గో పంచె ఒకటి గోడకు కట్టి, ఒక దీపాన్ని ఊడదీసి ముక్కాలిపీట మీద పెట్టి, పది అడుగుల వెనక నుంచి నీలం వేశాము. పంచె నెమలి కంఠంలా నిగనిగలాడింది, దాని చుట్టూ గోడ మాత్రం మసిగానే ఉంది. తెలుపు వేస్తే చారలు లేవు. ఉసిళ్ళు వచ్చి పంచె మీద వాలిపోవడంతో ఆపేయవలసి వచ్చింది. కొత్త దీపాల ప్రతిపాదన పక్కన పెట్టి, గోడకు తెల్ల రంగు, నేల మీద దిమ్మెలు, ఒక స్ప్లిట్టర్ అని కమిటీకి రాసి ఇచ్చాను. దీపాలు జరిపితే కాలిబాట సగం పోతుంది; దానికి వేరే దారి ఎవరికైనా తోస్తే చెప్పగలరు.