శివారు పల్లెల్ని తిరుపతి కార్పొరేషన్‌లో కలపాలా, వద్దా?

పేరూరు వాసి:
చుట్టూరా ఉండే పంచాయతీల్ని కార్పొరేషన్‌లో కలిపేయాలనే మాట మా పక్క మళ్ళీ మొదలైంది. నేనైతే కలపాలనే అంటాను. ఉత్తరాన శేషాచలం కొండ అడ్డం. ఊరు పెరగాలంటే రేణిగుంట పక్కకు, చంద్రగిరి పక్కకు, లేదంటే స్వర్ణముఖి దిక్కుకు. వేరే దారి లేదు. 2011 లెక్కల్లో తిరుపతి జనం 2.87 లక్షలు. ఆ తరువాత మా పక్క లేచిన ఇండ్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. బడీ, ఆస్పత్రీ, బస్టాండూ అన్నిటికీ ఊర్లోకే పోతాం. రాత్రి ఇంటికొస్తే మాత్రం వీధిలో లైటుండదు.

అవిలాల ఆడబిడ్డ:
అన్నా, మీ లైటు సరే. మా అత్త ఇప్పటికీ ఉపాధి పనికి పోతుంది. అది పల్లెలకే గదా, కలిసిన నాడే ఆ పని పోయినట్టు. ఇంటి పన్ను సంగతీ చూడండి. 2021 నించి మున్సిపాలిటీల్లో ఆస్తి విలువను బట్టి వేస్తా ఉండారు. ఏడాదికి 15 శాతం మించి పెంచమంటారు. ప్రతి ఏడూ ఆ 15 వేసుకోవచ్చనేగా? ఇంకోటి. 2007లో కార్పొరేషన్ చేసినారు, తొలి ఎన్నిక పెట్టింది 2021 మార్చిలో. అన్నేండ్లు కార్పొరేటరనే మనిషే లేడు. నీళ్ళు రాకుంటే నేను సర్పంచు ఇంటి ముందర నిలబడతా. మీరు ఎవరింటికి పోతారు?

కొర్లగుంట పిల్లోడు:
అక్కా, మేము కార్పొరేషన్‌లోనే ఉండాము. మా వీధికీ నీళ్ళు దినం మార్చి దినమే. రాండి, మీకూ అలవాటైపోతాది.

రిటైర్డు సర్వేయరు:
మీరిద్దరూ కొట్లాడేది పన్ను ఎవరికి కట్టాలని. లేఅవుటు ఎక్కడ పడాలి అని ఒక్కరూ అడగడం లేదు. దానికి కలపడంతో పనే లేదు. 1981 నించి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఉంది, శివారు లేఅవుట్లకు అప్రూవల్ ఇచ్చేది అదే. పది శాతం ఖాళీ జాగా వదలాలని రూలూ ఉంది. ఆ జాగా ఎక్కడుందో మీ వెంచర్‌లో ఒకసారి వెతుక్కోండి.

ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) చంకలో పెట్టుకొని ముప్పై ఏండ్లు తిరిగినోణ్ణి, చెప్తా వినండి. కొండ మీద పడిన వాన కిందికి జారి స్వర్ణముఖిలో కలవాల. మధ్యలో పెద్దలు చెరువుల్ని ఒకదాని కింద ఒకటి కట్టినారు. పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్ళు వంకలో, అంటే వాగులో పడి కింది చెరువుకు చేరేవి. ఇప్పుడు పటంలో ఇరవై అడుగులుండే వంక నేల మీద రెండడుగుల సిమెంటు కాలువ. దాని మీద టీ బంకు. (టీ బాగుంటుంది, కాదనను.)

2021 నవంబరు గుర్తుందా? శ్రీకృష్ణానగర్‌లో భూమిలో పాతిన నీళ్ళ తొట్టి నిలువునా పైకి లేచొచ్చింది. అందరూ సెల్లులో చూసి వింత అన్నారు. నేలంతా నీళ్ళు ఊరిపోతే ఖాళీ తొట్టి పడవ మాదిరి తేలుతుంది, అంతే. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించిందీ ఆ నెలలోనే. శ్రీకృష్ణానగర్ ఊర్లోది, రాయలచెరువు పల్లెది. రెండు చోట్లా అదే గతి.

ముందు వంకలకూ చెరువు ముంపుకూ హద్దు రాళ్ళు నాటి, ఆ సర్వే నంబర్లలో అప్రూవల్ ఆపమనండి. ఐఐటీ, ఐసర్ లాంటి పెద్ద చదువుల సంస్థలు ఏర్పేడు పక్క ఉన్నాయి, విమానాశ్రయం రేణిగుంటలో. పని ఆడ ఉంటే ఇండ్లన్నీ అవిలాల చెరువు చుట్టూ ఎందుకు? ఆ పక్క బస్సులు వేసి, బడి, ఆస్పత్రి పెడితే జనమే పోతారు.

పేరూరు వాసి:
సార్, తాగే నీళ్ళ మాట? కల్యాణి డ్యామూ, తెలుగుగంగ నీళ్ళూ ఊరికి. మాకు బోరూ, ట్యాంకరూ. కలవకుంటే మాదాకా పైపు ఎవరేస్తారు?

రిటైర్డు సర్వేయరు:
పైపు పొడుగైతే డ్యామ్‌లో నీళ్ళు పెరగవు నాయనా. కొర్లగుంట పిల్లోడికి రెండు దినాలకొకసారి వచ్చేది మూడు దినాలకవుతుంది. మురుగు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా. పంచాయతీ ఆదాయంతో శుద్ధి ప్లాంటు కట్టేది కల్ల. మురుగంతా చెరువులోకే పోతా ఉంది. ఆ ఒక్క పని ఊరూ పల్లే కలిసి చేయాల్సిందే. దానికోసం పల్లెనే కలిపేయాలంటే ఒప్పుకోను.

అవిలాల ఆడబిడ్డ:
గ్రామసభలో ఈ వంకల సంగతి అడగాలంటే ఏం పట్టుకొని పోవాల సార్?

రిటైర్డు సర్వేయరు:
గ్రామ పటం, ఎఫ్ఎంబీ నకలు. మండల సర్వేయరు దగ్గర అడగండి. మీ చెరువు నంబరూ, దాంట్లోకి వచ్చే వంక నంబరూ రెండూ రాసుకోండి. చెరువు నంబరు గబాల్న ఇస్తారు. వంక నంబరు దగ్గర నసుగుతారు, వదలొద్దు.

కొర్లగుంట పిల్లోడు:
సామీ, మా వీధిదీ ఒకసారి చూసి పెట్టండి. 2021లో మా ఇంట్లోకి నీళ్ళు వీధి నించి రాలేదు, వంటింటి బండల్లో నించి ఊరినాయి. అప్పట్నించీ అదే అనుమానంగా ఉంది.