కోడి తల కదలదు, బస్సులో నా తల ఎందుకు వాలిపోతుంది?

సీమోడు, కడప:
మొన్న ఊర్లో నాటుకోడిని రెండు చేతుల్తో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపితే ఒళ్ళు మాత్రమే కదిలింది, తల మేకు కొట్టినట్టు గాల్లో అక్కడే ఉంది. మర్నాడు రాయచోటి బస్సులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే చూశా, మలుపు మలుపుకీ జనం ఒళ్ళు ఒరుగుతున్నా తలలు దాదాపు నిలువుగానే ఉన్నాయి, కునుకు తీసేవాళ్ళవి తప్ప. నాదైతే పక్కాయన భుజం మీద పడి టక్కున లేచింది, మూడుసార్లు. ఇదంతా లోపల ఎవరు నడుపుతున్నారు?

ఫిజియో_అనంత:
లోపలి చెవి అన్నా. ఒక్కో వైపు మూడు అర్ధవృత్తాకార కుల్యలుంటాయి, తల తిరగడాన్ని అవి పసిగడతాయి. పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో సున్నపు రేణువులు, బ్రేకు వేసినా తల వంగినా అవి జరుగుతాయి. ఆ కబురు మెదడు అడుగుభాగానికి, అక్కడినుంచి నేరుగా మెడ కండరాలకు పోతుంది. తల ఎటు తూగితే దానికి ఎదురుగా మెడ లాగుతుంది, మీరు ఆలోచించేలోపే.

మరి మనమే తల తిప్పితే మెడ ఎందుకు అడ్డుపడదంటారా? మనం కావాలని తిప్పినప్పుడు మెదడు ఆ రిఫ్లెక్స్‌ను తగ్గించేస్తుంది, నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఇదే. కునుకులో మెడ బిగువు సడలుతుంది, తల పడుతుంది. టక్కున లేవడం చెవి ఒక్కదాని పనే కాదు, మెడ కండరం సాగినా అదే వెనక్కి లాగుతుంది, పైగా మెలకువ కూడా వస్తుంది.

కోడి కళ్ళు గుంటల్లో పెద్దగా తిరగవు, అందుకే చూపు నిలపాలంటే తలనే నిలపాలి. దాని మెడలో పూసలు మన 7కి దాదాపు రెట్టింపు. మనకు ఆ పని ఎక్కువగా కళ్ళు చేస్తాయి. ఫోన్ కదలకుండా పట్టుకుని తల గబగబా అడ్డంగా ఊపుతూ చదవండి, చదవగలరు. తల నిలిపి ఫోన్ అంతే వేగంగా ఊపండి, అక్షరాలు అలికేసినట్టవుతాయి. తల కదిలిన పది మిల్లీసెకన్లలోపే చెవి కళ్ళను ఎదురు తిప్పుతుంది, చూపు ఒక్కటే ఆ వేగాన్ని అందుకోలేదు.

కొండారెడ్డి_బురుజు:
ఇది పోతే ఎట్లుంటుందో మా ఇంట్లో చూశాం. నాన్నకు ఇన్ఫెక్షన్ అని ఓ ఆసుపత్రిలో జెంటామైసిన్ ఇంజెక్షన్లు చాలా రోజులిచ్చారు. ఇంటికొచ్చాక నిలబడితే బోర్డు చదువుతాడు, నడిస్తే చాలు అక్షరాలు ఎగురుతున్నాయంటాడు. కళ్ళజోడు రెండుసార్లు మార్పించి డబ్బు దండగ చేశాం, ఆ మందు చెవిలోని ఈ భాగాన్ని దెబ్బతీయగలదని ముందే ఒక్కరూ చెప్పలేదు, అదే నా బాధ. ఇప్పుడు గోడ మీద ఒక అక్షరం అంటించి, దాన్నే చూస్తూ రోజూ తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, కొంత నయం.

ఫిజియో_అనంత:
@కొండారెడ్డి_బురుజు ఆ కసరత్తు మానొద్దని చెప్పండి అక్కా. స్ట్రెప్టోమైసిన్‌తో ఇట్లే అయిన ఒక డాక్టరు 1952లో తన కథే రాసుకున్నాడు. గుండె కొట్టుకునే అదురుకే తల కదిలి అక్షరాలు చెదిరేవట, మంచం తలవైపు కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదివేవాడు.
@సీమోడు ఆ కోడి కళ్ళకు గుడ్డ కట్టి మళ్ళీ ఊపి చూడండి, చూపు వాటా ఎంతో తెలుస్తుంది.

సీమోడు, కడప:
ఫోన్ పరీక్ష చేశా, నిజమే. కోడి మాత్రం ఆదివారమే సంగటిలోకి పోయింది అన్నా.