జపాన్ కంపెనీలు మేలిరకం సరుకు వాళ్ల దేశంలోనే ఎందుకు ఉంచుకుంటాయి?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
జపాన్‌లో లక్ష యెన్లు దాటిన రైస్ కుక్కర్లున్నాయి. అవే కంపెనీలు ఇక్కడ అమ్మేది మామూలు రకం. మనం కొనలేమనా? తమ్ముడు టోక్యో నుంచి ఒకటి తెస్తానంటున్నాడు. మన కరెంటుకు, కర్నూలు సోనాకు సరిపోతుందా?

పెన్నాతీరం (కడప):
కొనలేమని ఒక్కటే కాదన్నా. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230కి నేరుగా పెడితే ఫ్యూజు, వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజీ నుంచి బోర్డును కాపాడే భాగం) పోతాయి, ఒక్కోసారి బోర్డే కాలిపోతుంది. 230 మోడల్ చేయాలంటే పవర్ బోర్డు మార్చాలి, ఇక్కడి పరీక్షలు పాసవ్వాలి, సర్వీసు, స్పేర్లు పెట్టాలి. కొద్దిగా అమ్ముడయ్యే సరుకుకు అదంతా గిట్టదు. అక్కడైతే కొనేవాళ్లున్నారు. 2006లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ కార్బన్ దిమ్మను చెక్కిన గిన్నెతో లక్ష యెన్ల పైచిలుకు కుక్కర్ తెస్తే బాగా పోయింది. ఆ తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు.

తెస్తే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. కుక్కర్ 1200 వాట్లయితే 2000 వీఏ సామర్థ్యమున్నది తీసుకోండి. చేతిలో పట్టే చిన్న కన్వర్టర్లు వద్దే వద్దు, అవి కరెంటు తరంగాన్ని కోసి పంపుతాయి, ఐహెచ్ (ఇండక్షన్‌తో గిన్నెను వేడిచేసే) బోర్డు తట్టుకోదు. షాపులో 110 వోల్టులది అంటగడతారు, 100 వోల్టులిచ్చే వైండింగే అడగండి. లైను 250కి ఎగబాకితే 110ది దాదాపు 120 ఇస్తుంది, 100ది 109 దగ్గర ఆగుతుంది.

గడియారం_స్తంభం (అనంతపురం):
అన్నీ సాంకేతిక కారణాలే అంటే ఒప్పుకోను. గ్రాండ్ సీకో వాచీ 1960లో పుట్టింది, విదేశాల్లో పూర్తిస్థాయి అమ్మకాలు మాత్రం 2010లోనే. వాచీకి వోల్టేజీ అడ్డేముంది? అది కంపెనీ నిర్ణయం. 660 సీసీ కెయ్ కార్ల (జపాన్ చిన్న కార్ల) సంగతి వేరు, పన్ను రాయితీ ఆ దేశంలోనే కాబట్టి అక్కడే చెల్లుతాయి.

సోనా_బియ్యం (కర్నూలు):
బియ్యం సంగతి ఎవరూ చెప్పలేదే! గిన్నెలోపలి గీతలు వాళ్ల పొట్టి, జిగురు బియ్యానికి వేసినవి. ఆ నీళ్లతో సోనా పలుకుగా ఉంటుంది. వాళ్ల కప్పు 180 మి.లీ., ఆ కప్పుతోనే కప్పుకు ఒకటిన్నర నీళ్లతో మొదలుపెట్టి, పాత బియ్యమైతే రెండు దాకా పెంచండి. నీళ్లెక్కువ పోసినప్పుడు గంజి నురుగు ఆవిరి రంధ్రంలోంచి పొంగుతుంది, అందుకే ఐదున్నర కప్పుల కుక్కర్‌లో మూడు కప్పులకు మించొద్దు. నానే సమయం ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది, విడిగా నానబెడితే మెత్తబడుతుంది.

ఇంతకన్నా తేలిక దారి ఉంది. టోక్యోలో ఎలక్ట్రానిక్స్ బజారైన అకిహబారా డ్యూటీఫ్రీ షాపుల్లో విదేశాలకని చేసిన 220-230 వోల్టుల మోడళ్లు దొరుకుతాయి. అడుగున రేటింగ్ స్టిక్కర్ చూసి, దాని ఫోటో పంపించాకే డబ్బు కట్టమనండి.