పాత ఆల్టోకు క్లచ్ మార్చాలి, తక్కువలో ఎలా?

ప్రశ్న: అన్నా, నాది 2008 ఆల్టో. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతోంది, బండి మాత్రం లాగడం లేదు. ఒక్క ప్లేటు మారిస్తే చాలంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు క్లచ్ కేబుల్ చూపించు. పెడల్‌కు ఫ్రీ ప్లే, అంటే నొక్కగానే మొదట ఖాళీగా కదిలే కాస్త వదులు, లేకపోతే మంచి క్లచ్ కూడా పట్టు తప్పి జారుతుంది. అది సరిచేసినా జారితే ప్లేటు, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ నొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్ మూడూ సెట్టుగానే వేయించు. ఏది మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాలి, ఆ కూలీయే బరువు. పాత బేరింగ్ ఉంచితే, అది మోగిన రోజు మళ్లీ అదే కూలీ కట్టాలి. సెకండ్ హ్యాండ్ ప్లేటు జోలికి మాత్రం పోకు.

ఇంకొకరు: దించినప్పుడు దగ్గరుండు. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద వేడికి వచ్చే నీలం మచ్చలు, వేలికి తగిలే గీతలు ఉన్నాయేమో చూడు. ఆయిల్ కారుతుంటే సీల్ కూడా మార్పించు, లేకుంటే కొత్త ప్లేటూ తడిసి జారుతుంది.

ప్రశ్న అడిగినవారు: కేబుల్ వదులు చేయించినా జారుతోందన్నా. సెట్టే వేయిస్తా.