ఆపిల్ లైవ్‌లో బిట్‌కాయిన్ రెట్టింపు చేసి ఇస్తామంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: యూట్యూబ్‌లో ఆపిల్ పేరుతో లైవ్ వస్తోంది. టిమ్ కుక్ మాట్లాడుతున్నారు, పక్కనే క్యూఆర్ కోడ్ ఉంది. ఎంత బిట్‌కాయిన్ పంపితే అంతకు రెట్టింపు వెంటనే తిరిగి వేస్తారట. ఛానెల్‌కి లక్షల్లో సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. నమ్మవచ్చా అండీ?

జవాబు: దయచేసి ఏమీ పంపకండి, అది మోసం. పాత కార్యక్రమం వీడియోనే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటారు. ఇప్పుడు గొంతు, పెదవుల కదలిక కూడా ఏఐతో మార్చేస్తున్నారు. సబ్‌స్క్రైబర్లు మాత్రం నిజమే అయి ఉండొచ్చు, ఎందుకంటే ఎవరిదో పెద్ద ఛానెల్ హ్యాక్ చేసి పేరూ లోగో మార్చేస్తారు. 2023 మార్చిలో టెక్ వీడియోలు చేసే లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద ఛానెల్‌కి ఇదే జరిగింది. దాన్ని టెస్లా పేరుకు మార్చి క్రిప్టో లైవ్ నడిపారు.

ఖాతా అసలుదే అయినా సరిపోదు. 2020 జులై 15న ట్విట్టర్‌లో ఆపిల్, ఊబర్, బిల్ గేట్స్ అసలు ఖాతాల నుంచే ఈ రెట్టింపు ప్రకటన వచ్చింది. నమ్మినవాళ్ళు లక్ష డాలర్లకు పైగా పోగొట్టుకున్నారు. అందుకే బ్లూ టిక్ చూడటం కన్నా వాళ్ళు ఏం అడుగుతున్నారో చూడండి. ముందు మీరే పంపాలి అన్నారంటే అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: మరి యాప్ స్టోర్‌లో దొరికే, క్రిప్టో దాచుకునే వాలెట్ యాప్ అయితే భయం లేదా?

జవాబు: అక్కడా జాగ్రత్త అవసరమే. 2023లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకే లెడ్జర్ లైవ్ అనే వాలెట్ యాప్‌కి నకిలీ చేరి కొందరి క్రిప్టో నాణేలు ఊడ్చేసింది. స్టోర్‌లో పేరు వెతకకుండా, తయారీదారు వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి అక్కడి లింకుతో వెళ్ళండి. మీ 12 లేదా 24 రికవరీ పదాలు, అంటే వాలెట్‌ని ఏ ఫోన్‌లోనైనా తెరిచే తాళంలాంటి పదాలు, ఏ కంపెనీ సపోర్ట్‌కీ అవసరం ఉండదు. అడిగారంటే దొంగే.

ప్రశ్న: మా అన్నయ్య ఆ పదాలు ఒక సైట్‌లో ఇచ్చేశాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే, వైరస్ లేదని నమ్మకమున్న వేరే ఫోన్‌లో కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి, మిగిలినదంతా అందులోకి మార్చేయమనండి. పాస్‌వర్డ్ మారిస్తే లాభం లేదు, పాత పదాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. పోయిన లావాదేవీని బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి పద్దులో, ఎవరూ వెనక్కి తిప్పలేరు. అయినా లావాదేవీ ఐడీ, దొంగల వాలెట్ అడ్రస్, స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. సొమ్ము ఏదైనా ఎక్స్ఛేంజీకి (క్రిప్టో కొని అమ్మే సంస్థకు) చేరినట్టు కనిపిస్తే వాళ్ళకూ వెంటనే రాయండి, ఒక్కోసారి ఆ ఖాతాను స్తంభింపజేస్తారు. ఈలోగా ఫీజు ఇస్తే తిరిగి రాబడతామంటూ ఎవరైనా మెసేజ్ పెడితే జవాబివ్వకుండా బ్లాక్ చేయండి.